టీచరుగారి తెల్ల పట్టుచీర మీద పెట్టిన కత్తెర

పటమటలో మా ఇంటి ముందుగదిలో ముప్పై నాలుగేళ్ళు మిషను తొక్కాను. ఆ మాట వినగానే అందరూ నడుం నొప్పి గురించీ కళ్ళ గురించీ అడుగుతారు. అవి ఉన్నాయి, లేవనను. కానీ ఈ పనిలో నన్ను నిజంగా తినేసింది భయం. గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర చేతిలోకి తీసుకున్నాక ఒక్క క్షణం కడుపులో తిప్పేది. మొదటి రోజూ తిప్పింది, చివరి రోజూ తిప్పింది. మధ్యలో కొన్నేళ్ళు మాత్రం తిప్పడం మానేసింది. నేను చెప్పబోయే తప్పు ఆ కొన్నేళ్ళలోనే చేశాను.

మా వీధిలో ఈమధ్య ముగ్గురు అమ్మాయిలు బొటిక్కులు పెట్టారు. చక్కగా కుడతారు, ఫోన్లో చూసి నాకు రాని మెడలన్నీ కుడతారు. అప్పుడప్పుడూ వచ్చి, మీ అనుభవాలు చెప్పండి ఆంటీ అని కూర్చుంటారు. ఎవరెవరి పెళ్ళిళ్ళకి కుట్టానో, ఎవరు మెచ్చుకున్నారో చెప్తాననుకుంటారు కాబోలు. అవి చెప్పుకుంటే నాకు గొప్పేగానీ వాళ్ళకి ఒరిగేదేం లేదు. అందుకని నేను గర్వపడని సంగతి రాసి పెడుతున్నాను. చదివి నన్ను నాలుగు తిట్టుకున్నా ఫరవాలేదు.

విప్పడం ముందు

పని నేర్చుకుంది ఉయ్యూరులో, కాంతమ్మగారి దగ్గర. ఫ్యాక్టరీ రోడ్డులో ఆవిడకో చిన్న కొట్టుండేది. నాలుగు నెలలపాటు నన్ను మిషను దగ్గరికి రానివ్వలేదు. పాత జాకెట్లు ఇచ్చి విప్పమనేది. పొద్దున్న వెళ్ళిందగ్గర్నుంచీ బ్లేడూ సూదీ పట్టుకుని దారాలు లాగడమే. గుడ్డ ఎక్కడన్నా చిరిగిందా, ఆ పూటంతా మాట్లాడేది కాదు. నేర్పడం చేతకాక చాకిరీ చేయించుకుంటోందని మా అమ్మతో చెప్పి ఏడ్చాను కూడా. ఆవిణ్ణి నేను తిట్టుకున్నంతగా మా అత్తగారిని కూడా తిట్టుకోలేదు.

ఆవిడ పెట్టిన ఇంకో రూలు, కుట్టు లోపల రెండువేళ్ళ గుడ్డ వదలాలని. మనిషి లావవుతుంది, చిక్కుతుంది, కడుపుతో ఉంటుంది, జాకెట్టు కూడా ఆమెతోపాటు మారాలి. ఇప్పటి వాళ్ళు గోరంత వదిలి మిగిలింది కత్తిరించి ఓవర్‌లాక్ కొట్టేస్తున్నారు. చూడ్డానికి లోపల నీటుగా ఉంటుంది, నిజమే. ఆర్నెల్లకి బిగుతైతే విప్పుకోడానికి ఏముందక్కడ? దాన్ని నేను కుట్టు అనను, కక్కుర్తి అంటాను.

మనుషుల దగ్గర నేర్చుకున్నది వేరే. పటమట వచ్చిన కొత్తలో ఒకావిడ గృహప్రవేశానికి జాకెట్టు కుట్టమని, కొలతకి తన పాత ఆది జాకెట్టు ఆడపడుచు చేత పంపింది. ఆది ఉంటే ఇక కొలతలెందుకు, దాని మీద పెట్టి కోసేశాను. ఆవిడ ఏడాదిగా జబ్బుపడి సగమైపోయిన సంగతి నాకు తెలీదు. పీటల మీద కూర్చున్నప్పుడు భుజాలు జారిపోతుంటే పమిట చుట్టుకునే కూర్చుందిట పాపం. తరవాత వచ్చి నన్నేం అనలేదు, ఎలా చిక్కిపోయానో అందరికీ చూపించినట్టైంది రత్నంగారూ అంది. ఆ రోజు నుంచీ తొడుక్కునే మనిషి వస్తేనే కోస్తానని నియమం పెట్టుకున్నాను. చాలా ఏళ్ళు పాటించాను కూడా.

బీరువాలు

నలభై దాటాక నాకు ఇంకో పని తోడైంది. జనం ఇళ్ళకి పిలిచి బీరువాలు సర్దమనేవాళ్ళు. చీరలన్నీ మంచం మీద పోయించి మూడు కుప్పలు చేసేదాన్ని. కట్టుకునేవి, ఇచ్చేసేవి, కోసి కుట్టుకునేవి. అమ్మమ్మల పెళ్ళి పట్టుచీరలు మనవరాళ్ళకి పరికిణీలు చెయ్యడంలో నాది అందెవేసిన చెయ్యి అని పేరొచ్చింది. ఒకింట్లో ముసలావిడ తన చీర మనవరాలి ఒంటిమీద చూసి ఏడ్చింది. ఇంకో ఇంట్లో తాతగారు లేచి వచ్చి అంచు పట్టుకుని చూశారు. అలాంటివి ఆరేడు ఇళ్ళలో చూశాక, పాత చీర కనిపిస్తే చాలు, దాన్ని ఏం చెయ్యాలో దాని సొంతదారు కంటే నాకే బాగా తెలుసన్నంత పొగరు పట్టింది. కత్తెర పట్టినప్పుడు కడుపులో తిప్పడం మానేసింది ఆ రోజుల్లోనే.

రోజమ్మ టీచరుగారు మా పక్క వీధి. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. కొడుకు రైల్వేలో, కోడలు నిర్మల, మనవరాలు గ్రేసీకి తొమ్మిదేళ్ళు. క్యాథలిక్కులు. ఆ పిల్లకి మొదటి దివ్యసత్ప్రసాదం ఉంది, మూడు వారాల్లో. చర్చిలో ఫాదరుగారి చేతుల మీదుగా పిల్లలు మొదటిసారి అప్పం తీసుకునే వేడుక అది. ఆ రోజు పిల్లలకి తెల్ల గౌను వేస్తారు, చిన్న పెళ్ళికూతురిలా తల మీద ముసుగు కూడా. ఇంటికి రంగులు వేయించాలని నిర్మల నన్ను బీరువాలు సర్దడానికి పిలిచింది. టీచరుగారు నాలుగు రోజులు ఉయ్యూరులో చెల్లెలి దగ్గరికి వెళ్ళారు.

ఆవిడ బీరువా నేను తెరవకూడదు. సొంతదారు లేకుండా ముట్టుకోకూడదని నాకు తెలుసు. రంగులవాళ్ళు వచ్చేస్తున్నారంది నిర్మల, తెరిచాను.

అడుగు అరలో పాత పంచెలో కట్టిన మూట ఒకటి ఉంది. విప్పితే తెల్ల పట్టుచీర, వెండిజరీ అంచు. యాభై ఏళ్ళ నాటిది, పెళ్ళిచీర. మధ్యలో ఎండు వేపాకులు. ఇక్కడ మీరు నిదానంగా చదవాలమ్మాయిలూ. అన్నేళ్ళ పట్టు ఒకే మడత మీద ఉంటే మడత దగ్గర చిట్లుతుంది. ఇది ఎక్కడా చిట్లలేదు. వేపాకులు కూడా మరీ పాతవి కావు. అంటే ఎవరో ఏడాదికోసారి తీసి, మడత మార్చి, మళ్ళీ కడుతున్నారన్నమాట. అంత జాగ్రత్తగా కాపాడుతున్న చీర దేనికోసమో ఎదురుచూస్తోందని పనిలో చేరిన పిల్లకైనా తెలియాలి. నాకు కనిపించింది. కనిపించీ పట్టించుకోలేదు.

గ్రేసీకి గౌను దీంతో కుడదాం అన్నాను. నిర్మల వెనకాడింది. అత్తయ్యగారిని ఒకమాట అడగాలి ఆంటీ అంది. అడిగితే పాత చీర ఎందుకులే, కొత్తది కొనండంటారు, కుట్టి చూపిస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు చూడు అన్నాను నేను. పైగా, ఇలా ఉంచితే మడతల దగ్గర పోతుందని భయపెట్టాను. పోదని నాకు తెలుసు. అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

చీర ఇంటికి తెచ్చుకున్నాను. ఖాళీ మూట కనిపించకుండా పంచెని అలాగే పాత దుప్పటి మీద చుట్టి అరలో పెట్టాను. బుధవారం పొద్దున చీర బల్ల మీద పరిచి, నడిమి భాగంలో గౌను కింది ఘేరాకి నాలుగు పీసులు, పై భాగానికి రెండు, చేతులకి రెండు కోసేశాను. ఒక్కసారి కూడా చెయ్యి ఆగలేదు.

జాకెట్టు

మర్నాడు గురువారం, పదకొండు గంటల వేళ ఆటో ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే టీచరుగారు. ఆదివారం వస్తారన్న మనిషి. మా ఇంటి మూడు మెట్లూ ఎక్కడానికి రెండుసార్లు ఆగారు. బల్ల మీద తెల్ల ముక్కలన్నీ పరిచి ఉన్నాయి. దుప్పటి లాగి వాటి మీద కప్పి తలుపు తీశాను. దాచింది ఆవిడ సంతోషం చెడగొట్టకూడదనే. ఇంకా అప్పటికి నాకేం తెలీదు.

ఉయ్యూరులో గుండెలో నొప్పి వచ్చిందిట. పరీక్షలు చేసి బైపాస్ అన్నారు, మంగళవారానికి పెట్టారు. కుర్చీలో కూర్చుని కాసేపు ఊపిరి తీసుకున్నాక సంచిలోంచి ఒక తెల్ల పట్టు జాకెట్టు తీసి నా చేతికిచ్చారు. పెళ్ళి జాకెట్టు. చెల్లెలి చేత వదులు చేయించుకుందామని ఉయ్యూరు పట్టుకెళ్ళారుట, ఆవిడకి కళ్ళు కనపడటంలేదుట.

"దీన్ని నాకు పట్టేట్టు చెయ్యి రత్నం. సోమవారానికి కావాలి. చీర ఇంట్లో మూటలో ఉంది, దాన్ని ఇక ఆ రోజుదాకా కదపను. నేను పోతే ఆ రెండూ కట్టి నన్ను పెట్టెలో పెట్టాలి. ఈ చీర సంగతి పిల్లలకి ఇంకా చెప్పలేదు, భయపడతారు. ఆపరేషన్‌కి వెళ్ళేముందు చెప్తాను."

దుప్పటి కింద ముక్కలున్న బల్లకి ఆవిడ మోచెయ్యి ఆనించి కూర్చున్నారు.

అదే చీర ఎందుకని అడిగాను. భర్త చివరి ఏడాది మనుషుల్ని మర్చిపోయారుట. కొడుకుని, మనవరాలిని, చివరికి టీచరుగారిని కూడా. పక్కన కూర్చుని అన్నం పెడుతుంటే, మీరెవరమ్మా, చాలా మంచివారు అనేవారుట. గోడ మీద పెళ్ళి ఫొటో చూపిస్తే మాత్రం ముఖం వెలిగిపోయేదిట.

"ఆ చీరలో ఉన్న పిల్లని చూసి, ఇది మా రోజీ అనేవారు. పక్కనున్న నన్ను కాదు. అందుకే ఆ చీరలోనే వెళ్ళాలి రత్నం. అక్కడ నన్ను గుర్తుపట్టాలిగా."

ఆ క్షణంలో చెప్పెయ్యాల్సింది. దుప్పటి తీసి, ఇదిగోనండీ నా నిర్వాకం అని కాళ్ళమీద పడాల్సింది. నేను టేపు తీసుకుని ఆవిడ చుట్టుకొలత తీశాను. చంక కింద పెట్టినప్పుడు ఆవిడ గుండె టకటకా కొట్టుకోవడం నా వేళ్ళకి తెలిసింది. జాకెట్టు తిరగేసి చూస్తే ఆ కాలపు టైలరెవరో లోపల రెండువేళ్ళ గుడ్డ వదిలాడు. సరిపోతుందండీ అన్నాను. నీ చేతిలో పెట్టాను, ఇక బెంగలేదు అని లేచారు. ఆటో ఎక్కించాను.

నాలుగు రోజులు

నిర్మలకి ఫోన్ చేసి టీచరుగారు చెప్పిందంతా చెప్పాను. ఏడుపు మొదలుపెట్టింది. ఆపరేషన్ అయ్యేదాకా చెప్పొద్దు ఆంటీ, మనసుకి కష్టం కలిగే మాట ఏదీ చెవిన పడకూడదన్నారు డాక్టరుగారు, ఏమన్నా అయితే మా ఆయన నన్ను జన్మలో క్షమించరు అంది. ఆ అమ్మాయి తప్పు ఇసుమంత, నాది కొండంత. కానీ ఇద్దరం ఒకే భయంలో ఇరుక్కున్నాం.

ఆ రాత్రినుంచీ ఇదే బెంగ. ఆవిడ మూట విప్పితే ఎలా? ఆపరేషన్ బల్ల మీద ఏమన్నా అయితే కొడుకు మూట తెచ్చి విప్పితే, అందులో దుప్పటి. ఆ దృశ్యమే కళ్ళముందు. అప్పుడు నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. శుక్రవారం వన్‌టౌన్ వెళ్ళి పట్టుచీరల కొట్లన్నీ తిరిగాను. కత్తిరింపు ముక్కొకటి గుప్పిట్లో పెట్టుకుని, దానికి సరిపడే తెల్లచీర కావాలని. నాలుగో కొట్లో దాదాపు అలాంటిదే దొరికింది. అంచు కొత్తగా మెరుస్తోంది, అంతే తేడా. నీరెండలో మూడు పూటలు ఆరేసి మెరుపు తగ్గించాను. పాతగా కనపడ్డానికి మడతల మీద అరచేత్తో రుద్దాను. టైలరు విద్యంతా మోసానికి వాడాను. ఆదివారం కొడుకు టీచరుగారిని చర్చిలో పూజకి తీసుకెళ్ళినప్పుడు నిర్మల దాన్ని పంచెలో చుట్టి పెట్టేసింది, వేపాకులతో సహా.

సోమవారం జాకెట్టు తీసుకుని వెళ్ళాను. టీచరుగారు తొడుక్కుని చూసుకున్నారు. సరిగ్గా పట్టింది. అద్దంలో చూసుకుంటూ, చీర కూడా ఒకసారి వేసుకుని చూస్తాను, మళ్ళీ చూస్తానో లేదో అన్నారు. నిర్మల నా వైపు చూడలేదు. నేను నిర్మల వైపు చూడలేదు.

మూట ముడి విప్పి చీర మీద చెయ్యి పెట్టారు. అంతే. రెండోసారి తడమలేదు. చెయ్యి అలాగే ఉంచి, నిర్మలా, కాఫీ పెట్టమ్మా అన్నారు. ఆ అమ్మాయి బయటికి వెళ్ళాక తలుపు దగ్గరికి వేశారు.

"నాది ఎక్కడుంది?"

చెప్పేశాను. బీరువా తెరిచిందగ్గర్నుంచీ, చిట్లుతుందని ఆడిన అబద్ధం, బుధవారం కత్తిరింపు, వన్‌టౌన్, ఎండలో ఆరేయడం, అన్నీ. నిర్మలది ఏమీ లేదు, అంతా నాదేనన్నాను. ఆవిడ తిడితే బావుండుననిపించింది. తిట్టలేదు.

"కత్తెర పెట్టినందుకు కాదు. తెలీక పెట్టావు. మొన్న నా చేతిలోంచి జాకెట్టు తీసుకున్నప్పుడు నీకు తెలుసు. నా మాటలన్నీ విన్నావు. విని, ఎవరిదో చీర కట్టి నన్ను ఆయన దగ్గరికి పంపుదామనుకున్నావు."

తల దించుకు నిలబడ్డాను. ఆవిడ మంచం మీద కూర్చుని లెక్కల టీచరులా అడగడం మొదలుపెట్టారు. ఎంత మిగిలింది? పైటచెంగు, దాని పక్క గజంన్నర, ఇటు లోపలి కొస. కోసిన ముక్కలు ఎన్ని? ఎనిమిది. అంచులు కత్తిరించావా? లేదండీ, లోపల గుడ్డ వదిలాను. కుట్టావా? ఇంకా లేదండీ. అన్నీ అతికితే చీరవుతుందా? అవుతుందండీ, కుట్లు కనిపిస్తాయి.

"అయితే విను. రేపు నేను తిరిగొస్తే గౌను కుట్టు. చిన్నది వేసుకోవాలి, దాని తప్పేముంది. వేసుకున్నాక విప్పి చీర చెయ్యి. రేపు నేను రాకపోతే గౌను సంగతి వదిలేసి ముందు చీర అతుకు. నిర్మలకి నాకు తెలిసిన సంగతి చెప్పకు. ఆపరేషన్ గది బయట అది ఇప్పటికే చాలా మొయ్యాలి."

నిర్మల కాఫీ తెచ్చింది. ముగ్గురం తాగాం. అంత చేదు కాఫీ నేనెప్పుడూ తాగలేదు, పంచదార ఉందో లేదో గుర్తులేదు.

మంగళవారం

పొద్దున్న ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారని నిర్మల ఫోన్ చేసింది. నేను మిషను ముందు కూర్చున్నాను. బల్ల మీద ఎడంవైపు గౌను ముక్కలు, కుడివైపు మిగిలిన చీర. తెల్లదారం ఎక్కించి పెట్టాను. ఏది కుట్టాలో తెలీదు. గౌను మొదలుపెడితే ఆవిడ బతుకుతారని నేనే చెప్పినట్టు, చీర మొదలుపెడితే ఆవిడ్ని నేనే పంపేసినట్టు. పెడలు మీద కాళ్ళు పెట్టి ఊరికే కూర్చున్నాను. తొమ్మిదైంది, పదైంది. పక్కింటావిడ ఫాల్ వెయ్యమని చీర తెస్తే ఒంట్లో బాలేదని పంపేశాను. నిజంగానే బాలేదు.

మా ఆయన భోజనానికి వచ్చి ఏవిటే అలా ఉన్నావంటే విసుక్కున్నాను. మనకి కష్టం వస్తే దేవుడికి మొక్కుకుంటాం. నేనేమని మొక్కుకోవాలి? ఆవిడ బతకాలని మొక్కుకుంటున్నది ఆవిడ కోసమా, నా తప్పు బయటపడకుండానా అని నాకే అనుమానం. ఆ అనుమానంతోనే దుర్గమ్మకీ, ఆవిడ మరియమ్మ తల్లికీ ఇద్దరికీ దణ్ణం పెట్టాను.

రెండున్నరకి ఫోన్ మోగింది. మా ఆయనే తీసి నా చెవి దగ్గర పెట్టారు. అయిపోయింది ఆంటీ, బాగా జరిగిందన్నారు అంది నిర్మల. ఏడవడానికి కూడా టైము తీసుకోలేదు నేను. ఎడంవైపు ముక్కలు దగ్గరికి లాక్కుని, పెద్ద పెద్ద కుట్లతో, తేలిగ్గా ఊడొచ్చేట్టు, గౌను మొదలుపెట్టాను.

గ్రేసీ ఆ గౌనులో గుడిలో వరసలో నడిచి వెళ్ళింది. టీచరుగారు చక్రాల కుర్చీలో ముందు వరసలో కూర్చుని చూశారు. పిల్ల వచ్చి ముద్దు పెడితే గౌను అంచు పట్టుకుని కాసేపు వదల్లేదు. అందరూ మురిసిపోయి ఫొటోలు తీశారు. అంతకుముందే నిర్మలకి ఆవిడే అన్నీ చెప్పేశారు. ఆ అమ్మాయి కాళ్ళు పట్టుకుంటే లేపి, ఇంకెప్పుడూ నా బీరువా నన్నడక్కుండా తియ్యకు అని ఊరుకున్నారుట.

అతుకులు

నెలన్నర తరవాత టీచరుగారు గౌను పట్టుకుని మా ఇంటికొచ్చి, బల్లకి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు. నేను విప్పుతుంటే చూస్తూ కూర్చున్నారు. మూడు రోజులు అలాగే వచ్చారు. కాంతమ్మగారు నాలుగు నెలలు దేనికోసం ఏడిపించిందో ఆ మూడు రోజుల్లో తెలిసింది. దారం తప్ప పట్టు పోగు ఒక్కటి తెగనివ్వలేదు. చిన్నచిన్న కత్తిరింపులు కూడా సంచిలో దాచినవి తీసి, సందుల్లో పెట్టి చేత్తో అతికాను. అరచేయంత ముక్క మాత్రం ఒకటి దొరకలేదు. వన్‌టౌన్‌లో గుప్పిట్లో పెట్టుకు తిరిగిన ముక్క అది, ఎక్కడ పడేసుకున్నానో. కొత్తచీరలోంచి కోసి వెయ్యనా అంటే, ఆ చిల్లు అలాగే ఉండనీ అన్నారు.

చీర పూర్తయ్యాక ఆవిడ ఒంటికి చుట్టి చూశాం. మామూలుగా కడితే అతుకులన్నీ గుండెల మీదికీ కుచ్చిళ్ళ మీదికీ వస్తున్నాయి. ఫొటోలో ఉన్నట్టు కనపడాలంటే లోపలి కొస ఒక మూర ఎక్కువ తిప్పి, చిల్లు ఎడమ నడుం కిందికి తోసి, కుచ్చిళ్ళు తిరగేసి, పైట రెండు మడతలు తక్కువ పెట్టాలి. గంటసేపు కుస్తీ పడితే అప్పటికి కుదిరింది. అద్దంలో చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు.

"ఇలా కట్టడం నీకొక్కదానికే తెలుసు," అన్నారు. "కాబట్టి ఆ రోజు నువ్వే వచ్చి కట్టాలి. నీకిదే శిక్ష అనుకో. అప్పటిదాకా నువ్వు పోడానికి వీల్లేదు."

నవ్వుతూ అన్నారనుకున్నాను. నవ్వడంలేదు.

ఇప్పుడు

పన్నెండేళ్ళయింది. ఆవిడకి ఎనభై నాలుగు, నాకు అరవై ఆరు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్లయ్యాయి. చేతి వేళ్ళు పొద్దున్నపూట ముడుచుకుపోయి తెరుచుకోవు. రెండేళ్ళ కిందట మిషను అమ్మేశాను. పని మానేశానని అందరితో చెప్తాను గానీ, ఒక పని ఇంకా చేతిలో ఉంది.

నిర్మలకి నేర్పుతాను, తను చేతిలో పనితనం ఉన్న పిల్ల అన్నాను ఒకసారి. టీచరుగారు ఒప్పుకోలేదు. ఏ మడత ఎక్కడ పెట్టాలో కాగితం మీద బొమ్మ గీసిస్తానన్నాను. వద్దన్నారు. ఇది పట్టుదలా, మా ఇద్దరి మధ్యా ఇంకేమన్నానా అని నేను అడగలేదు. మా అమ్మాయి హైదరాబాదు రమ్మంటే రెండు రోజులకి మించి ఉండను. బీపీ మాత్ర ఒక్క పూట మరిచినా గాభరా పడిపోతాను. ఆస్పత్రిలో పడితే ఆవిడ వేళకి నేను లేకపోతేనో? ఆవిడ పోతారేమోనని భయం, ఆవిడ కంటే ముందు నేను పోతానేమోనని అంతకంటే భయం. పొద్దున్నే లేచి వేళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని తెరిచీ మూసీ చూసుకుంటాను, కుచ్చిళ్ళు పట్టగలనా అని. మా ఆయన పాత ధోవతి పరిచి నెలకోసారి ఆ మడతలన్నీ వేసి చూసుకుంటాను కూడా. మరిచిపోలేదు.

మా వీధి అమ్మాయిలకి నేను చెప్పగలిగింది ఇదే. ఎవరి గుడ్డో వాళ్ళు ఎదురుగా ఉండి చెప్పేదాకా కత్తెర తియ్యకండి. తప్పు చేస్తే దుప్పటి కప్పకండి. కప్పాక మీరు చేసే ప్రతి పనీ దాన్ని పెద్దది చేస్తుంది.

ఆదివారం పూజ నుంచి రాగానే, పదింటికల్లా టీచరుగారు ఫోన్ చేస్తారు. ఇన్నేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. పది దాటి ఐదు నిమిషాలైతే చాలు నాకు గుండె దడ మొదలవుతుంది. మొన్న పదింబావు దాకా మోగలేదు. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వెళ్ళాను. అప్పుడు మోగింది.

"ఉన్నావా రత్నం?"

"ఉన్నానండీ."

"సరే. ఉండు."